పెక్టిన్ పొడి: ఎక్కడ దాచాలి, ఎప్పుడు మార్చాలి

జామ్ గట్టిపడేందుకు వేసే పెక్టిన్‌కు తేమ పడదని అందరికీ తెలుసు. వేడి సంగతే మరిచిపోతారు. తేమ తగిలితే పొడి ఉండకట్టి కనిపించిపోతుంది. వేడికి మాత్రం రంగు మారకుండానే బలం తగ్గుతుంది; జామ్ పల్చగా మిగిలాకే ఆ సంగతి బయటపడుతుంది. మే నెల హైదరాబాదు ఎండకు కాగే స్లాబు కింది అటక, స్టవ్ పై అలమర, ఈ రెండూ దీనికి పనికిరాని చోట్లు.

వేసవిలో ఫ్రిజ్ మేలు. కాకపోతే చల్లటి డబ్బాను తీసిన వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది, ముసురు రోజుల్లో మరీను. గంటసేపు బయట ఉంచి తెరవాలి. ఈ తంటా లేకుండా కొన్నరోజే ఒక్కో వంటకు సరిపడా చిన్న జిప్ కవర్లలో గాలి తీసి కట్టి, అన్నిటినీ బిగుతు మూత డబ్బాలో వేయండి. ఉడికే గిన్నె మీద కవరు వంపొద్దు, ఆవిరి లోపలికి పోతుంది.

ప్రతి కవరు మీదా తేదీ, రకం రాయాలి. హెచ్‌ఎం (హై మెథాక్సిల్) రకానికి చక్కెర, పులుపు కావాలి. ఎల్‌ఎం (లో మెథాక్సిల్) రకానికి కాల్షియం. చూపుకు రెండూ ఒకటే. బేగంబజారులో విడిగా తూయించుకుంటే అసలు సంచి మీది తేదీ అడగండి, కొన్న తేదీతో లెక్క కుదరదు.

తెరిచిన పొడిని ఏడాదిలో వాడేయాలి. ద్రవ పెక్టిన్ తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచి వారంలో ముగించాలి.

అనుమానం వస్తే 150 గ్రేడు (అంటే గ్రాము పొడి 150 గ్రాముల చక్కెరను గట్టిపరిచే) హెచ్‌ఎం పొడిని ఇలా పరీక్షించండి. ఖాళీ గిన్నె తూచుకోండి. ఒక గ్రాము పెక్టిన్‌ను 15 గ్రాముల చక్కెరలో కలిపి (విడిగా వేస్తే ఉండలే), 110 మి.లీ. నీళ్లలో చల్లి మరిగించండి. ఇంకో 135 గ్రాముల చక్కెర వేసి, గిన్నెలోది 230 గ్రాములకు వచ్చేదాకా మరగనివ్వండి. గ్లాసు అడుగున ఒక గ్రాము నిమ్మ ఉప్పును చెంచాడు నీళ్లలో కరిగించి ఉంచి, దాని మీద పోసి వెంటనే కలపండి. 24 గంటల తర్వాత పళ్లెంలో బోర్లించండి. ఆకారం నిలిస్తే పొడి మంచిదే. కుంగితే కొలత పావు వంతు పెంచి త్వరగా వాడేయండి. పాకంలా పారితే పారేయండి.

వేలితో నలిపితే విడిపోయే ఉండలకు భయం లేదు. తోలులా గట్టిపడ్డా, ముక్క వాసన వచ్చినా పరీక్ష కూడా అక్కర్లేదు, పారేయండి. పొడి బాగున్నా జామ్ గట్టిపడకపోతే చక్కెర తగ్గించారేమో, పెక్టిన్ వేశాక అతిగా మరిగించారేమో చూసుకోండి.