నిల్వ పచ్చళ్లు, 4వ పాఠం: యాపిల్ ఆవకాయ (ముందుగా 3వ పాఠం పంచాయితీ)

పోయిన పాఠంలో యాపిల్ తురుము పచ్చడి పెట్టించి, ఈసారి ముక్కల ఆవకాయ అని చెప్పాను. మీరు పంపిన సీసాల ఫోటోలు చూశాక ముందు ఆ పంచాయితీ తీర్చక తప్పదనిపించింది. ఫిర్యాదులు మూడు రకాలు. పచ్చడి పైన నీళ్లు తేలాయి, నాలుగో రోజుకి నురగ వచ్చింది, ఆవపిండి చేదెక్కింది. మొదటి రెండూ చాలామందికి కలిసే వచ్చాయి. దానికి కారణం ఉంది.

పైన తేలినవి నీళ్లు కావు, ఊట. మామిడికాయకి ఊట దిగితే సంబరపడే మనం యాపిల్‌కి దిగితే ఎందుకు కంగారు పడతామో నాకు అర్థం కాదు. యాపిల్ బరువులో 85 శాతం దాకా నీరే. ఉప్పు తగలగానే అది బయటికి వస్తుంది, రావాలి కూడా. మీలో కొందరు ఆ ఊటని సింకులో వంచేశారు. ఒకరైతే తురుమంతా గుడ్డలో వేసి పిండేశారట! వేసిన ఉప్పులో, పిండిన నిమ్మరసంలో చాలాభాగం ఆ ఊటలోనే ఉంది. పచ్చడిని కాపాడేది అదే. అది పోయాక మిగిలింది తీపి పిప్పి, దానికి బూజు పట్టకపోతేనే ఆశ్చర్యం. ఇప్పటికే వంచేసినవాళ్లు, బూజు లేకపోతే బాండీలో నూనె వేసి దగ్గరికి వేయించి రెండు మూడు రోజుల్లో తినేయండి. ఒక్క చోట బూజు కనబడినా పైది తీసేసి కిందిది తినడం లాంటి పనులు వద్దు, మొత్తం పారేయండి.

ఇక నురగ. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఉప్పు నేను గ్రాముల్లో ఇచ్చాను. అర కిలో తురుముకి 55 గ్రాములు. మీరు దాన్ని ‘మూడు స్పూన్లు’ చేసుకున్నారు. ఏ స్పూను? ఏ ఉప్పు? ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు అయితే టేబుల్‌స్పూను సుమారు 18 గ్రాములు తూగుతుంది, మూడు వేస్తే 54. వాళ్ల పచ్చడి బాగానే ఉంది. అమెరికాలో కోషర్ సాల్ట్ పేరుతో దొరికే పలుకుల ఉప్పుల్లో కొన్ని చాలా తేలిక. అదే టేబుల్‌స్పూనుకి 10 గ్రాములు కూడా తూగవు. ఆ లెక్కన మూడు వేస్తే పడేది సగం ఉప్పే. కల్లుప్పు పలుకు సైజుని బట్టి ఈ రెండింటి మధ్య ఎక్కడో తేలుతుంది. ఇక స్పూనంటే టీస్పూను అనుకున్నవాళ్లకి మెత్తటి ఉప్పు వేసినా 18 గ్రాములే పడింది. పచ్చడికి కావలసిన దాంట్లో మూడో వంతు. అంటే నలుగురూ ‘మూడు స్పూన్లే’ వేశారు, నాలుగు వేరే పచ్చళ్లు పెట్టారు.

‘మన పెద్దవాళ్లు సోల, గిద్దెలతోనే కొలిచారు కదండీ’ అని ఒకరు వాదనకి దిగారు. కొలిచారు. ఆ ఇంట్లో ఏటా అదే కల్లుప్పు, అదే రోట్లో దంపడం, అదే సోల. పైగా అది మామిడికాయ. చేతికి అలవాటైన కొలత వాళ్లది. మీ ఇంట్లో పోయిన నెల ఒక ఉప్పు, ఈ నెల డిస్కౌంటులో వచ్చిన ఇంకో ఉప్పు. వంటింటి తూకం మిషన్ ఒక్క పచ్చడి సీసా ఖరీదుకే వస్తుంది, కొనండి.

ఇంకో వర్గం ఉంది. బీపీ అని, మంచిది కాదని కావాలనే ఉప్పు సగం చేసినవాళ్లు. మీ ఆరోగ్యం మీద నాకు పట్టింపు లేక కాదు. బీపీ ఉంటే పచ్చడి ముద్దకి కొంచెం తక్కువ కలుపుకోండి, లేదా మానేయండి. సీసాలో మాత్రం తగ్గించకండి. యాపిల్‌లో నూటికి పది వంతుల దాకా చక్కెరే. తొక్క మీద ఈస్ట్ సహజంగానే ఉంటుంది. రసాన్ని ఊరికే వదిలేస్తే అది పులిసి సైడర్ అవుతుంది, పడమటి దేశాల్లో పని గట్టుకుని అలా చేసి తాగుతారు. ఉప్పు చాలని మీ సీసాలోనూ జరిగింది ఆ పనే.

బుడగలన్నీ చెడ్డవి కావు, అది కూడా చూసుకోండి. యాపిల్ లోపల గాలి ఎక్కువ, ఘనపరిమాణంలో పావు వంతు దాకా ఉంటుంది. కాయ నీళ్లలో తేలేది అందుకే. ఉప్పు ఎక్కి ముక్క మెత్తబడేటప్పుడు ఆ గాలి బయటికి వస్తుంది. మొదటి రోజు, రెండో రోజు గరిటె పెట్టి నొక్కితే అక్కడక్కడా చిన్న బుడగలు లేచి ఆగిపోతాయి, వాసన మారదు. అది మామూలే. నాలుగో రోజు తర్వాత నొక్కకుండానే నురగ పైకి తేలుతుంటే, మూత తీయగానే టప్‌మని గాలి తన్నితే, కల్లు వాసన వస్తే అది పులిసిపోయినట్టు. దానికి రిపేరు లేదు.

చేదు విషయం చిన్నదే. ఆవపిండి తడి తగిలిన రెండు రోజులు కాస్త చేదుగా, ముక్కుకి ఎక్కేలా ఉండటం సహజం. మూడో రోజుకి దారికొస్తుంది. వారమైనా తగ్గలేదంటే మీరు నూనె కాచి వేడిగా పోసి ఉంటారు, లేదా మిక్సీ ఆపకుండా తిప్పి ఆవాలు వేడెక్కించి ఉంటారు. రెండు సెకన్లు తిప్పి ఆపండి, గిన్నె ఒకసారి విదిలించి మళ్లీ తిప్పండి. డబ్బాల్లో అమ్మే పసుపు రంగు మస్టర్డ్ పొడి వద్దు. మన సన్న ఆవాలే తెచ్చుకోండి. ఎండ లేని ఊళ్లో ఉంటే నాలాగా పొడి బాణలిలో చెయ్యి పెట్టగలిగేంత వెచ్చబెట్టి దించేయండి. వేయించకండి.

నూనె గురించి ఒక్క మాట. పప్పునూనె అంటే నువ్వుల నూనే, కానీ చైనా కొట్లో దొరికే ముదురు గోధుమ రంగుది కాదు. అది వేయించిన నువ్వుల నుంచి తీసింది, నాలుగు చుక్కలు నూడుల్స్ మీద చల్లుకోవడానికి పనికొస్తుంది. పావు లీటరు పచ్చడిలో పోస్తే ఇక ఆవకాయ వాసన ఎక్కడిది? ఇండియన్ స్టోర్‌లో జింజెల్లీ ఆయిల్ అని అడగండి. లేకపోతే వేరుశెనగ నూనె.

ఇప్పుడు ఆవకాయ.

కాయ పుల్లగా, గట్టిగా ఉండాలి. అమెరికాలో ఉగాది పచ్చడికి మామిడికాయ దొరకనప్పుడు వేసుకునే ఆకుపచ్చ యాపిల్, గ్రానీ స్మిత్, దీనికి మేలు. హైదరాబాదులో, విజయవాడలో గ్రీన్ యాపిల్ పేరుతో అమ్ముతారు, ధర మాత్రం ఎర్ర కాయ కంటే ఎక్కువే. (ఆ స్మిత్ అవ్వ నిజంగానే ఉండేది. ఆస్ట్రేలియాలో, సిడ్నీ దగ్గర 1868 ప్రాంతంలో ఆమె పెరట్లో తనంతట మొలిచిన చెట్టు ఇది.) ఇంగ్లండులో ఉన్నవాళ్లకి బ్రామ్లీ ఉంది. పులుపు గ్రానీ స్మిత్ కంటే ఎక్కువ. ఉడికిస్తే గుజ్జయిపోతుంది కానీ పచ్చిగా గట్టిగానే ఉంటుంది, మనం ఉడికించం కాబట్టి భయం లేదు. కాశ్మీరు, హిమాచల్ ఎర్ర డెలిషియస్ కాయ తినడానికే. పచ్చడి పెడితే తియ్యగా, పిండి పిండిగా తయారవుతుంది.

సూపర్‌మార్కెట్ కాయకి మైనం పూత ఉంటుంది. అది ఉంటే కారం తొక్కని పట్టుకోదు, జారిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో రుద్ది కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టండి. సీసా, గరిటె, చెయ్యి పొడిగా ఉండాలన్న సంగతి మళ్లీ చెప్పను.

తొక్క తీయొద్దు. మామిడి ముక్కకి టెంక ఉంటుంది, ఏడాదైనా ముక్క నిలబడేది దానివల్లే. యాపిల్‌కి ఉన్న ఆధారం తొక్క ఒక్కటే. ప్రతి ముక్కకీ ఒక వైపు తొక్క ఉండేలా ముప్పావు అంగుళం ముక్కలు కోయండి. గింజలతో పాటు వాటి చుట్టూ ఉండే గోరు లాంటి పొర కూడా తీసేయాలి. ఊరాక అది పళ్లలో ఇరుక్కుంటుంది.

పెద్ద కాయలు మూడు కోస్తే అర కిలో ముక్కలు వస్తాయి. దానికి ఉప్పు 55 గ్రాములు, కారం 60, ఆవపిండి 50, నిమ్మరసం 60 మిల్లీలీటర్లు, పప్పునూనె 175 మిల్లీలీటర్లు, మెంతులు ఒక టీస్పూను, పసుపు చిటికెడు, వెల్లుల్లి రెబ్బలు మీ ఇష్టం. నేను గుప్పెడు వేస్తాను, వెల్లుల్లి లేని ఆవకాయ నాకు సయించదు. ఇంగువ వాళ్లు ఇంగువ వేసుకోండి, పోపు ఎలాగో మీకు తెలిసిందే. మన నిమ్మకాయలు మూడు నాలుగు పిండితే 60 వస్తుంది, అమెరికా లెమన్ అయితే ఒకటిన్నర. కారం గుంటూరుదైతే ఘాటు, వరంగల్ చపాటా అయితే రంగు. నేను రెండూ సగం సగం కలుపుతాను. కాశ్మీరీ కారం ఒక్కటే వేస్తే సీసా ఫోటోకి బాగుంటుంది, అన్నంలోకి చాలదు.

నిమ్మరసం ఎందుకు అని అడిగారు, ముక్క నల్లబడకుండానా అని. కోసిన యాపిల్ గాలి తగిలి గోధుమ రంగు తిరగడం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పని. నిమ్మరసం దాన్ని ఆపుతుంది, నిజమే. అయినా కారంలో కలిశాక ఆ రంగు ఎవరికి కనబడుతుంది? నిమ్మరసం వేసేది పులుపు కోసం. ఎంత పుల్లటి యాపిల్ అయినా పచ్చి మామిడికాయకి సరితూగదు. రుచికీ, నిల్వకీ కూడా ఆ లోటు పూడ్చాలి.

ముక్కలు కోస్తూనే నిమ్మరసం, సగం ఉప్పు ఉన్న గిన్నెలో వేసేయండి. అన్నీ కోశాక పసుపు వేసి కలిపి ఒక గంట వదిలేయండి. ఈలోగా కారం, ఆవపిండి, మిగతా ఉప్పు, మెంతులు వేరే పళ్లెంలో కలపండి. మెంతుల్లో సగం గింజలుగానే ఉంచి, సగం వేయించి పొడి కొట్టండి. గంటకి గిన్నె అడుగున రెండు మూడు చెంచాల ఊట చేరుతుంది. దాన్ని ఏం చేయాలో ఇప్పటికే చెప్పాను. ముక్కల మీద సగం నూనె పోసి పట్టించండి, పళ్లెంలో ఉన్నదంతా వేసి కలపండి, వెల్లుల్లి వేయండి, సీసాకి ఎత్తి మిగిలిన నూనె పోయండి.

మొదటి రోజు చూస్తే పొడి పొడిగా, ముద్దలా ఉంటుంది. అప్పుడే ఇంకో కప్పు నూనె పోయకండి. ముక్కలు గాలితో ఉంటాయి కాబట్టి పైకి లేస్తుంటాయి. మూడు రోజులు పొద్దున, రాత్రి పొడి గరిటెతో కిందికి నొక్కండి. మూడో రోజు మొత్తం తిరగకలిపి రుచి చూడండి. ముక్క కొరికితే అంచు మెత్తగా, నడుమ ఇంకా కరకరమనాలి. నూనె పైకి తేలకపోతే అప్పుడు కాస్త పోయండి. వెల్లుల్లి రెబ్బ ఆకుపచ్చగానో నీలంగానో తిరిగితే బెంగ పడకండి, పులుపు తగిలితే ఒక్కోసారి అలా అవుతుంది, తినొచ్చు. నాలుగో రోజు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది బయట ఏడాది నిలిచే పచ్చడి కాదు. నేను రెండు నెలలు దాటనివ్వను, ఆ తర్వాత ముక్క సడలిపోతుంది.

అభ్యాసం. ఒకే రోజు మూడు సీసాలు పెట్టండి, ఒక్కోదాంట్లో 200 గ్రాముల ముక్కలు. మొదటిది పైన చెప్పినట్టే. రెండోది తొక్క తీసి. మూడోది గ్రానీ స్మిత్ బదులు మీ ఊళ్లో చవగ్గా దొరికే ఏదో ఎర్ర కాయతో. 200 గ్రాములకి కొలతలన్నీ మీరే లెక్క కట్టుకోండి, ఉప్పు 22 గ్రాములు రాకపోతే లెక్క తప్పినట్టు. ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు ఊట ఎంత ఎత్తుకి వచ్చిందో సీసా మీద గీత పెట్టండి. ముక్క కొరికి ఎలా ఉందో రాసుకోండి. పనిలో పనిగా ఇంట్లో ఉన్న ప్రతి ఉప్పునీ టేబుల్‌స్పూనుతో తీసి తూచి, ఆ అంకె డబ్బా మూత మీద రాయండి.

వచ్చే పాఠం యాపిల్ మాగాయ. ముక్కలు ఎండబెట్టాలి. ఎండ ఉన్నవాళ్లకి రెండు రోజుల పని. లేనివాళ్లు మీ ఓవెన్ ఎంత తక్కువ వేడి దాకా దిగుతుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. చాలా ఓవెన్లు 170 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఆగిపోతాయి, ఆ వేడికి ముక్క ఎండే లోపే ఉడికిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఓవెన్ ఉన్నవాళ్లు ఎవరి దగ్గరైనా డీహైడ్రేటర్ అరువు దొరుకుతుందేమో వాకబు చేయండి.