డిగ్రీలో సోషియాలజీ తీసుకున్నారా, అయితే ఇలా చదవండి

సోషియాలజీలో చేరిన చాలామంది ఫస్టియర్ మొత్తం డెఫినిషన్లు బట్టీ పట్టడంతోనే సరిపెడతారు, సమాజం అంటే ఇది, సంస్థ అంటే ఇది అని, పరీక్ష అయిన వారానికి ఒక్కటీ గుర్తుండదు. అలా వద్దు. ఏం చదివినా ముందు ఇది రాసినాయనకి వచ్చిన డౌటేంటి అని వెతకండి, అది దొరికితే మిగతాదంతా దానికి అతుక్కుని గుర్తుండిపోతుంది.

ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద వేసిన పుస్తకమే తీసుకోండి, దాదాపు ఏ కోర్సులో చూసినా అది ఉంటుంది. ఆత్మహత్య అంటే ఆ మనిషి సొంత బాధ అనుకుంటాం కదా, కానీ ఆయన ఫలానా మనిషి ఎందుకు చనిపోయాడని అడగలేదు, ఒక్కో సమాజంలో ఆ రేటు ఏళ్ళ తరబడి ఎందుకు పెద్దగా మారట్లేదు, ప్రొటెస్టెంట్లలో కాథలిక్కుల కంటే ఎందుకు ఎక్కువ అని అడిగాడు. సర్కారు లెక్కలు పెట్టుకుని గుంపుకీ గుంపుకీ పోల్చి, మనుషుల్ని సమాజం ఎంత కలుపుకుపోతోంది, ఎంత అదుపులో పెడుతోంది అన్నదాంట్లో కారణం ఉందన్నాడు. అక్కడితో ఆపకండి, ఎందుకంటే అసలు మజా ఆ తర్వాతే ఉంది. ఆ లెక్కలు రాసిందెవరు? ఏ చావుని ఆత్మహత్య అనాలో తేల్చింది అధికారులే, కొన్నిచోట్ల ఇంట్లోవాళ్ళు దాచిపెట్టి ఉండొచ్చు, మరి ఆ తేడా నిజంగా చావుల్లో ఉందా, రాసే పద్ధతిలో ఉందా అని 1967లో అమెరికన్ సోషియాలజిస్టు జాక్ డగ్లస్ గట్టిగా నిలదీశాడు. ఏం అడిగాడు, దేన్ని దేనితో పోల్చాడు, ఆధారమేంటి, ఎవరు కాదన్నారు, ఈ నాలుగూ ఒక పేజీలో మీ సొంత మాటల్లో రాసుకోండి, ప్రతి పుస్తకానికీ ఇదే చెయ్యండి.

థియరీ క్లాసులు కష్టంగా ఉంటే అమెరికన్ సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన ఉదాహరణ పట్టుకోండి. లక్షమంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే పని లేకపోతే అది అతని కష్టం, అదే 5 కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఒక్కొక్కడి స్వభావం చూసి లాభం లేదు, అక్కడ ఉద్యోగాల ఏర్పాటే చెడిందని అర్థం. అద్దె, పెళ్ళి, చదువు, మీకు కనపడే ఏ విషయానికైనా ఇదే ప్రశ్న వేసి చూడండి, నాకైతే ఇంతకంటే మంచి ప్రాక్టీస్ కనపడలేదు.

స్టాటిస్టిక్స్ అంటే భయపడి పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే మెథడ్స్ పేపర్‌ని చివరికి నెట్టేయొద్దు ప్లీజ్. శాంపిల్, అంటే సర్వేలో అడగడానికి ఎంచుకున్న మనుషుల్ని, ఎలా తీశారో చూడ్డం రాకపోతే ఎవరు ఏ సర్వే చూపించినా నమ్మేస్తారు.

ఎస్సేల్లో "దీనికి సమాజమే కారణం" అని వదిలేస్తే మార్కులు రావు, సమాజంలో ఏది, ఎవరి ద్వారా, ఎలా పనిచేసిందో చెప్పాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకి చిన్న టాపిక్ తీసుకోండి, పేదరికం అని కాకుండా ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టువాళ్ళు సెలవులు ఎలా పంచుకుంటారు లాంటిది, ఇంటర్వ్యూకి కూర్చునేముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పి వాళ్ళ ఒప్పుకోలు తీసుకోండి, రాసేటప్పుడు పేర్లు మార్చెయ్యండి.