పండగ కోడితో నూడిల్స్ సూప్: పొయ్యి ఎక్కకముందు, దిగిన తర్వాత

విందుకి రోస్ట్ చేసిన కోడో, బాతో, టర్కీయో మిగిలిందంటే చాలా ఇళ్ళలో మర్నాడు అది సూప్ గిన్నెలోకే చేరుతుంది. కండ ఒలిచి పక్కన పెట్టుకుని, ఎముకలు నీళ్ళలో మరిగించి, ఆ నీళ్ళలో కూరముక్కలూ నూడిల్స్ వేసుకుంటే భారీ వంటలు తిని విసిగిన నోటికి హాయిగా ఉంటుంది. పారేయాల్సిన ఎముకలతో ఇంకో పూట గడిచిందన్న తృప్తి అదనం. కానీ ఈ సూప్ చేసేటప్పుడు దాదాపు అందరిలోనూ ఒక ధీమా ఉంటుంది. ఎలాగూ గంటలకొద్దీ మరిగిస్తాం కదా, ఏ క్రిమి ఉన్నా చచ్చిపోతుందిలే అని.

అది సగమే నిజం. పొయ్యి మీద ఉన్నంతసేపూ సూప్‌తో పెద్దగా భయం లేదు. పొట్ట చెడేది దానికి ముందు బల్ల మీద గడిచిన గంటల వల్ల, తర్వాత గిన్నె చల్లారుతూ కూర్చున్న గంటల వల్ల.

విందు బల్ల దగ్గరే లెక్క మొదలు

వండిన మాంసం సుమారు 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ అందులో బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే గడువు 2 గంటలు. గది వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటే. అందరూ తినడం అయ్యాక లెక్కపెట్టే సమయం కాదిది. కోడిని ఓవెన్‌లోంచి తీసి బయట పెట్టినప్పటి నుంచీ లెక్క. బల్ల మధ్యలో పెట్టి ఫోటోలు తీసుకున్న సమయం, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఆగిన సమయం, భోజనాలయ్యాక కబుర్లలో పడి మర్చిపోయిన సమయం అన్నీ అందులోనే.

ఆ గడువు దాటిన మాంసాన్ని మరిగించి బాగుచేద్దాం అనుకోవద్దు. మన చేతుల మీద, ముక్కులో సహజంగా ఉండే స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా మాంసం కోసేటప్పుడో, పిల్లలు వచ్చి ఓ ముక్క తుంపుకునేటప్పుడో దాని మీదకి చేరుతుంది. బయట వెచ్చగా ఉంటే పెరిగి విషం విడుదల చేస్తుంది. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రాత్రంతా బల్ల మీద ఉండిపోయిన కోడిని చూసి ప్రాణం ఉసూరుమన్నా సరే, పారేయడమే.

ఇంకో పొరపాటు, మిగిలిన కోడిని అలాగే రేకు చుట్టి ఫ్రిజ్‌లోకి తోసేయడం. పైన చల్లబడినా తొడ కీలు దగ్గర, పొట్ట ఖాళీలో వేడి చాలాసేపు నిలుస్తుంది. టర్కీ లాంటి పెద్ద పక్షి అయితే మరీనూ. ఎంత బద్ధకంగా ఉన్నా ఆ రాత్రే కూర్చుని కండ ఒలిచేయాలి. కండని లోతు తక్కువ డబ్బాల్లో పల్చగా పరిచి పెట్టండి. ఎముకల గూడుని రెండు మూడు ముక్కలు చేసి వేరే కవర్లో పెట్టండి. పొట్టలో స్టఫింగ్ కూరి ఉంటే ఒక్క చెంచా కూడా మిగల్చకుండా తీసేయండి. పండగ రోజు ఫ్రిజ్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి కూల్‌డ్రింకులో, పచ్చి కూరగాయలో కాసేపు బయట పెట్టి అయినా దీనికి చోటివ్వండి. లోపల గాలి ఆడకపోతే ఫ్రిజ్ 4 డిగ్రీలకి దిగదు.

అలా పెట్టింది 3, 4 రోజుల్లో వాడేయాలి. ఆ లోపు సూప్ చేసే ఓపిక లేదనిపిస్తే మొదటి రోజే ఫ్రీజర్‌లో వేయండి. గడ్డకట్టిన ఎముకల్ని కరిగించే పని లేదు, నేరుగా గిన్నెలో వేసేయొచ్చు.

అందరి కంచాల్లోంచి ఏరిన ఎముకల సంగతి కూడా అడుగుతుంటారు. ఇంట్లోవాళ్ళే తినే సూప్ అయితే, వెంటనే మరిగిస్తే, మీ ఇష్టం. నలుగురికి పెట్టేదైతే నేను వద్దనే అంటాను.

ఉప్పు, ఎముకలు, వేడి నీళ్ళు

కోడిని రోస్ట్ చేసేముందు ఉప్పునీళ్ళలో నానబెట్టారా? అయితే ఆ ఉప్పు కండలోనే కాక ఎముకల దాకా ఉంటుంది. నీళ్ళు ఇగిరేకొద్దీ స్టాక్, అంటే ఎముకలు మరిగించిన రసం, ఇంకా ఉప్పగా అవుతుంది. అందుకని స్టాక్‌లో ఉప్పు అసలు వేయకండి. అంతా అయ్యాక, కండా నూడిల్స్ కలిపాక, రుచి చూసి వేసుకోండి. నీళ్ళలో కరిగించే చికెన్ క్యూబ్ బిళ్ళలు, సోయా సాస్, నూడిల్స్ ప్యాకెట్‌తో వచ్చే మసాలా, వీటన్నిటిలోనూ ఉప్పు దండిగా ఉంటుంది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళుంటే అన్నీ కలిపి ఎంతవుతుందో చూసుకోవాలి. మాడిన తోలు ఉంటే గీకేయండి. లేదంటే గిన్నెడు సూపూ చేదెక్కుతుంది.

ఎముకలు మునిగేంత చన్నీళ్ళు పోసి, సన్నని మంట మీద కోడికైతే గంటన్నర, రెండు గంటలు, టర్కీకైతే మూడు గంటల పైనే ఉడకనివ్వండి. సలసల మరిగిస్తే కొవ్వు కలిసిపోయి స్టాక్ మడ్డిగా అవుతుంది, చిన్న ఎముకలు విరిగి ముక్కలవుతాయి. ఆ ముక్కలే ప్రమాదం. కాలి ముక్కలో పెద్ద ఎముకని ఆనుకుని సూదిలా ఇంకో సన్న ఎముక ఉంటుంది, గమనించారా? ఉడికాక అది విడిపోయి గిన్నె అడుక్కి చేరుతుంది. నూడిల్స్ మధ్యలో ఉంటే కంటికి కనపడదు, గొంతులో గుచ్చుకున్నాకే తెలుస్తుంది. టర్కీ కాళ్ళలోనైతే కండని ఎముకకి కట్టే నారలు గట్టిపడి పుల్లల్లా బోలెడు ఉంటాయి. కాబట్టి స్టాక్‌ని సన్న రంధ్రాల స్ట్రైనర్‌లో వడకట్టాల్సిందే. గరిటెతో ఎముకలు ఏరేస్తే సరిపోదు. ఒలిచిన కండని కూడా సూప్‌లో వేసేముందు ఒకసారి వేళ్ళతో నలిపి చూసుకోండి. పసిపిల్లలకీ పళ్ళు లేని పెద్దవాళ్ళకీ పెట్టేటప్పుడు రెండోసారి కూడా చూడండి. ఉడికిన ఎముకలు కుక్కకి కూడా వేయొద్దు. అవి పెళుసుబారి పేగుల్లో గుచ్చుకుంటాయి.

వడకట్టేటప్పుడు నిండు గిన్నెని రెండు చేతులా ఎత్తి వంచడం కన్నా, ముందు సగం గరిటెతో తోడి పోసి, తేలికయ్యాక వంచడం మేలు. పైన కొవ్వు పొర ఉంటే ఆవిరి పైకి రాదు. చూడ్డానికి చల్లారినట్టే ఉంటుంది, చేయి పెడితే బొబ్బలే. స్ట్రైనర్ కింద ఇంకో గిన్నె ఉందో లేదో కూడా చూసుకోండి. నవ్వకండి. నూడిల్స్ వార్చే అలవాటులో స్ట్రైనర్‌ని సింక్‌లో పెట్టి, మూడు గంటల కష్టాన్ని కాలువలో పోసి, ఎముకల్ని మాత్రం భద్రంగా మిగుల్చుకునే వాళ్ళు ప్రతి పండగకీ ఉంటారు.

ప్రెషర్ కుక్కర్ వాడేవాళ్ళు ఎముకలూ నీళ్ళూ కలిపి మూడింట రెండు వంతులు దాటనివ్వకండి. నూడిల్స్ అందులో వేయకపోవడమే మంచిది. గంజి నురగ పొంగి ఆవిరి దారికి అడ్డం పడుతుంది.

గిన్నె దించాక

అసలు జాగ్రత్త ఇక్కడ. మాంసం వంటల్లో తరచుగా కనిపించే క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకి ఒక సౌకర్యం ఉంది. అది బీజాల రూపంలో దాక్కోగలదు, ఆ బీజాలు మరిగినా చావవు. గిన్నె చల్లారుతూ 50 డిగ్రీల కిందకి దిగేసరికి ఆ బీజాలు మేలుకుంటాయి. 43 నుంచి 47 డిగ్రీల మధ్య, అన్నీ అనుకూలిస్తే, దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ వేగంతో 2 గంటలంటే ఒకటి నాలుగు వేలకి పైగా అవుతుంది. గాలి తగలని చోటంటే దానికి ఇష్టం. మూత పెట్టిన పెద్ద గిన్నె, పైన కొవ్వు పొర, లోపల గోరువెచ్చని మాంసం రసం. మనమే దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టు.

అందుకే సూప్‌ని ఎంత త్వరగా చల్లార్చగలం అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో హోటళ్ళకి వర్తించే ఆహార నియమావళి ప్రకారం వండినదాన్ని 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకి 2 గంటల్లో దించాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకి ఇంకో 4 గంటల్లో. ఇంట్లో పెద్ద గిన్నెని పొయ్యి గట్టు మీద అలాగే వదిలేస్తే ఈ లెక్క అందుకోవడం అసాధ్యం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. సింక్‌లో చన్నీళ్ళూ ఐసూ వేసి అందులో గిన్నె పెట్టి, మూత తీసి, నాలుగైదు నిమిషాలకోసారి కలుపుతూ ఉండండి. నీళ్ళు వేడెక్కితే మార్చండి. అరగంటలో గిన్నె బయట చేయి పెడితే తేడా తెలుస్తుంది. లేదంటే వడకట్టిన వెంటనే నాలుగైదు డబ్బాల్లోకి, అయిదు సెంటీమీటర్ల లోతు మించకుండా పోసి, పెద్ద ఆవిరి పోగానే మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేడిది పెడితే ఫ్రిజ్ పాడైపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. చిన్న డబ్బాలకి ఏమీ కాదు. కాకపోతే నిండు గిన్నెని యథాతథంగా పెట్టకండి. అది చల్లారేలోపు పక్కనున్న పాలూ పెరుగూ కూడా వేడెక్కుతాయి. బయట చలిగా ఉంది కదా అని రాత్రంతా వరండాలో పెట్టడమూ నమ్మకం లేని పనే. అక్కడ చలి మన చేతిలో ఉండదు, పిల్లి అసలే ఉండదు.

మర్నాడు మూత తీస్తే పైన తెల్లగా కొవ్వు పొర, కింద వణికే జెల్లీ కనిపిస్తాయి. పాడైందని పారబోయకండి. ఎముకల్లోంచి దిగిన జిలాటిన్ అది, స్టాక్ బాగా కుదిరిందనడానికి గుర్తు. కొవ్వుని చెంచాతో ఎత్తి చెత్తబుట్టలో వేయండి. సింక్‌లో వేస్తే పైపు మూసుకుపోతుంది.

నూడిల్స్ ఎప్పుడూ వేరుగానే

రుచికీ ఆరోగ్యానికీ రెంటికీ ఇదే మంచిది. సూప్‌లో ఉండిపోయిన నూడిల్స్ రాత్రికి రాత్రే రసమంతా తాగేసి ఉబ్బి ముద్దవుతాయి. అంతకన్నా ముఖ్యం, ఉడికిన నూడిల్స్, పాస్తా, అన్నం లాంటి పిండి పదార్థాలు బయట ఉండిపోతే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది చేసే విషం వంటింటి వేడికి లొంగదు. 2008లో బ్రస్సెల్స్‌లో 20 ఏళ్ళ విద్యార్థి ఒకరు 5 రోజులు బయట ఉన్న స్పఘెట్టీ తిని చనిపోయాడు. 2011లో ఒక వైద్య పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. అతను వేడిచేసుకునే తిన్నాడు. అలా ప్రాణం మీదకి రావడం చాలా అరుదు, కానీ వాంతులతో సరిపెట్టే సందర్భాలు అరుదేం కాదు.

కాబట్టి ఎంతమంది తింటారో అంతకే నూడిల్స్ ఉడికించండి. వార్చి, బౌల్‌లో వేసి, పైన మరిగే సూప్ పోయండి. కండని చివర్లో వేసి పొగలు కక్కేదాకా మాత్రం ఉంచండి. అది ముందే ఉడికింది, ఇంకా ఉడికిస్తే పీచులా తయారవుతుంది. అతిథులుంటే గోధుమ, గుడ్డు పడనివాళ్ళు ఉన్నారేమో ముందే అడగండి. సోయా సాస్‌లో కూడా సాధారణంగా గోధుమ ఉంటుంది.

మళ్ళీ వేడిచేసేటప్పుడు

తాగేంత మేరకే తీసి వేడిచేయండి. మొత్తం గిన్నె వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి ఇలా తిప్పితే తిప్పిన ప్రతిసారీ ఆ బీజాలకి మేలుకునే సమయం ఇంకోసారి ఇచ్చినట్టే. లోపల దాకా 74 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ లేకపోతే బుడగలు తెర్లేదాకా మరిగించండి. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఆపి కలపాలి, అంచులు ఉడుకుతున్నా మధ్యలో చల్లగానే ఉంటుంది. స్లో కుక్కర్‌లో చల్లటి సూప్ వేడిచేయకండి, అది అంత వేడికి చేరేసరికి గంటలు పడుతుంది.

వాసన చూసి తేల్చుకోవద్దు. పుల్లటి వాసనొస్తే పారేయాల్సిందే, కానీ రానంత మాత్రాన బాగున్నట్టు కాదు. జబ్బు చేసే చాలా క్రిములకి వాసనే ఉండదు. గర్భిణులు, పెద్దవాళ్ళు, కీమో లాంటి చికిత్స తీసుకుంటున్నవాళ్ళకి మొదటి ఒకటి రెండు రోజుల సూపే, బాగా మరిగించి ఇవ్వండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది.

ఫ్రీజర్‌లో పెట్టేది నూడిల్స్ లేని స్టాక్. గడ్డకట్టినప్పుడు నీరు 9 శాతం దాకా ఉబ్బుతుంది కాబట్టి డబ్బా నిండా పోయకండి, గాజు సీసా అయితే పగులుతుంది. తేదీ రాసిపెట్టండి.

ఇంత చేసినా ఎవరికైనా తేడా చేస్తే, పెర్‌ఫ్రింజెన్స్ వల్ల అయితే తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు మొదలై సాధారణంగా ఒక రోజులో తగ్గుతాయి. స్టాఫిలోకోకస్ విషం అయితే అరగంట నుంచి 8 గంటల్లోపే వాంతులు. నీళ్ళు, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా పడుతూ ఉండాలి. మలంలో రక్తం, 39 డిగ్రీల దగ్గర జ్వరం, గుక్కెడు నీళ్ళు కూడా నిలవనంత వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, మూడు రోజులు దాటినా ఆగని విరేచనాలు, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో, అది ఎన్ని గంటలు బయట ఉందో దాచకుండా చెప్పండి.