వానల్లో గుర్రాన్ని పగ్గంతో నిలబెట్టకండి

వానలు మొదలయ్యాయంటే చాలు, మలుపులో గుర్రం జారి పక్కకు పడిందనీ, రౌతు కాలు దాని కింద నలిగిందనీ కబుర్లు వస్తాయి. నెపం బురద మీదకు పోతుంది. బురద పాత్ర కొంతే. పగ్గం లాగి మలుపు తిప్పడమే ఎక్కువసార్లు కొంప ముంచుతోంది. హెల్మెట్, బూట్ల సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఈ ఒక్క తప్పు గురించే చెప్పాలి.

నిలబడి ఉన్న గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. మనం ఎక్కాక ఆ భారం ఇంకా పెరుగుతుంది. వెనక కాళ్లను పొట్ట కిందికి తెచ్చుకుని కొంత బరువు వాటితో మోయడం గుర్రానికి నేర్పాలి. అది నెలల పని. ఓపిక లేక తలను పగ్గాలతో ఎత్తిపట్టి ఉంచితే, గుర్రం బిట్ (నోట్లో ఉండే కళ్లెపు కడ్డీ) మీద వాలడం మరిగి దాన్ని అయిదో కాలు చేసుకుంటుంది. పొడి నేల మీద ఈ లోపం బయటపడదు. బురదలో అడుగు జారగానే మీ చెయ్యి కదులుతుంది, దాని ఆసరా పోతుంది, పడుతుంది.

మలుపులో లోపలి పగ్గం, అంటే తిరిగే వైపు పగ్గం, లాగితే మరీ ప్రమాదం. మెడ ఒక్కటే వంగి, భుజం బయటికి జారి, వెనక కాళ్లు బాట తప్పుతాయి. మలక్‌పేట లాంటి రేసు మైదానాల నుంచి వచ్చిన గుర్రాలకైతే పగ్గం బిగిస్తే దాని మీద వాలి పరుగెత్తడం అలవాటు. ఆపుదామని లాగేకొద్దీ వేగం పెంచుతాయి.

20 మీటర్ల వ్యాసమున్న వలయంలో ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య వేగం) చేయిస్తూ, లోపలి చేతిని రెండు మూడు అడుగులపాటు ముందుకు జరిపి పగ్గం వదులు చేసి చూడండి. వేగం, వంపు మారకపోతే గుర్రం తన కాళ్ల మీద తానుంది. పరుగందుకున్నా, లోపలికి ఒరిగినా ఇన్నాళ్లూ దాన్ని మోసింది మీ చేతులే. అలాంటి గుర్రంతో వానలో క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) వద్దు. ట్రాట్ నుంచి నడకకు దించి, నాలుగడుగులయ్యాక మళ్లీ ట్రాట్ చేయించండి. రోజూ పదిహేను ఇరవై సార్లు. దించేటప్పుడు నిటారుగా కూర్చుని, పిక్కలు ఆనించి, పిడికిలి ఒక్క క్షణం బిగించి వదలండి. వదలడం మరిచారా, అదీ పగ్గం లాగడమే.

ఇంకా:

- ముందు పది నిమిషాలు నడిపించకుండా ట్రాట్ వద్దు.
- 20 మీటర్ల వలయం కుదరని గుర్రాన్ని 10 మీటర్లలో తిప్పొద్దు.
- రెండు వైపులా తిప్పండి. బిరుసుగా ఉన్న వైపు కొద్దిసేపే, కానీ ఎక్కువసార్లు.
- గుర్రం దాటడానికి నేల మీద పరిచే కర్రల మధ్య ట్రాట్‌కు సుమారు 1.3 మీటర్ల ఎడం ఉంచండి, పొట్టి గుర్రానికి తగ్గించండి. తడి కర్ర కాలి కింద దొర్లుతుంది, కదలకుండా ఆనించండి.
- తాడు కట్టి గుండ్రంగా తిప్పడం 20 నిమిషాలు దాటనివ్వొద్దు, కీళ్లు పాడవుతాయి.
- 450 కిలోల గుర్రం మీద రౌతు, జీను కలిపి 90 కిలోలు మించొద్దు. కండ పట్టనిదైతే ఇంకా తక్కువ.
- ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్పించండి.
- తలను కిందికి కట్టిపెట్టే పట్టీలు తీసేయండి. జారినప్పుడు గుర్రం మెడతోనే నిలదొక్కుకోవాలి.
- నీళ్లు నిలిచిన మూలల్లో నడకే.
- మలుపులో లోపలి పగ్గం లాగొద్దు.
- జారిందా, పగ్గం వదులు చేసి జూలు పట్టుకోండి. లాగొద్దు.