బ్రిడ్జి దాటే ముందు పర్మిట్ చదవండి: పక్క రాష్ట్రానికి బండి తీసేవాళ్లకు జాగ్రత్తలు

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును ఢీకొని, దాన్ని ఈడ్చుకుపోయి తగలబడింది. బస్సులోనే 19 మంది చనిపోయారు. ఇదే హైవే మీద 2013 అక్టోబర్ 30న మన తెలంగాణలో కొత్తకోట మండలం పాలెం దగ్గర మరో బస్సు కాలిపోయి 45 మంది పోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా అద్దాలు పగలగొట్టే సుత్తి గురించి, ఎమర్జెన్సీ డోరు గురించి, డ్రైవర్ నిద్ర గురించి నాలుగు రోజులు మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. టైర్లలో గాలి, బ్రేకులు, స్టెప్నీ అందరూ చెప్పేవే కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాం. ఎవరూ చెప్పని సంగతి, రాష్ట్రం దాటే బండి కాగితాలు, దారులు, ఇక్కడ చూద్దాం.

కార్తీకం, సంక్రాంతి, మిర్చి ఏరే కాలం, శివరాత్రి వరసగా వస్తాయి. నల్లగొండ, పాలమూరు, గద్వాల, వనపర్తి వైపు నుంచి అవతలికి బండ్లు ఎక్కువగా దాటేది ఈ నాలుగైదు నెలల్లోనే. మన దక్షిణం వైపు సరిహద్దు అంటే చాలాచోట్ల నీళ్లే. అలంపూర్ చౌరస్తా దాటితే తుంగభద్ర. వాడపల్లి, నాగార్జునసాగర్, ఈగలపెంట కింద కృష్ణ. మక్తల్ దాటి రాయచూరు పోవాలన్నా కృష్ణే. కోదాడ దాటితే పాలేరు వాగు. అవతల కూడా అదే తారు, అదే ఎండ, ఎక్కువచోట్ల అదే తెలుగు. దాటామన్న సోయే ఉండదు. కుటుంబాలను ముంచే పొరపాటు ఇక్కడే జరుగుతుంది: మన దగ్గర చెల్లిన బండి అవతల కూడా చెల్లుతుందనుకోవడం.

పసుపు ప్లేటు బండ్లు

పర్మిట్ కాగితం బయటికి తీయండి. చాలామంది చూసేది చివరి తేదీ ఒక్కటే. దానికంటే ముందు చూడాల్సింది ఏ ప్రాంతానికి ఇచ్చారన్న గడి. అక్కడ తెలంగాణ రాష్ట్రం అని మాత్రమే ఉంటే మీ పర్మిట్ సరిహద్దు దగ్గరే అయిపోయినట్టు. అవతల ఒక్క కిలోమీటరు పోయినా మీది పర్మిట్ లేని బండే.

రెండో తిరకాసు తేదీల్లో ఉంది. నేషనల్ పర్మిట్ లారీకి పర్మిట్ ఐదేళ్లకు ఇస్తారు. బయటి రాష్ట్రాల్లో తిరగడానికి ఇచ్చే ఆథరైజేషన్, అంటే ఫారం 47, ఏడాదికే. పర్మిట్ ఇంకా మూడేళ్లు ఉందని ధీమాగా పోయే బండ్లలో ఫారం 47 గడువు ఎప్పుడో దాటిపోయినవి ఉంటాయి. రెండు కాగితాలు, రెండు తేదీలు. రెండూ చదవండి.

ట్యాక్సీ కారుకు, మ్యాక్సీ క్యాబ్‌కు ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ లేకపోతే ఆ ఒక్క ట్రిప్పుకు స్పెషల్ పర్మిట్ తీసుకోవాలి. ప్రయాణికుల పేర్ల జాబితా బండిలో ఉండాలి. జాబితాలో లేనివాళ్లను దారిలో ఎక్కించుకోవద్దు. అవతలి రాష్ట్రం పన్ను వేరు. దాన్ని కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్లో చెక్‌పోస్ట్ ట్యాక్స్ పేజీలో ముందే కట్టొచ్చు: బండి నంబరు, ఏ రాష్ట్రంలోకి, ఎటు నుంచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. తప్పు పోయేది చివరి తేదీ దగ్గరే. తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి దాటితే అది మరుసటి రోజు లెక్క. ఒక రోజు ఎక్కువే కట్టుకోండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన రసీదును నమ్మకండి. పాత రసీదు మీద తేదీ మార్చి పంపేవాళ్లున్నారు. రసీదు నంబరు అదే వెబ్‌సైట్లో కొట్టి చూసుకుంటే రెండు నిమిషాల పని.

2025 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం రవాణా శాఖ చెక్‌పోస్టులను ఎత్తేసింది. అప్పటి నుంచి 'ఆపేటోడే లేడు, ఇంకేం పర్మిట్' అనే మాట స్టాండుల్లో వినబడుతోంది. ఎత్తేసింది గేటును, చట్టాన్ని కాదు. తిరిగే స్క్వాడ్‌లున్నాయి, నంబరు ప్లేటు చదివే కెమెరాలున్నాయి. పర్మిట్ లేకుండా దొరికితే కేంద్ర చట్టంలో మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అదైనా కట్టి బయటపడొచ్చు. ప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండదు.

ఎందుకంటే పర్మిట్ లేని బండి ప్రమాదం చేస్తే ఇన్సూరెన్సు కంపెనీ ముందు బాధితులకు కట్టి, ఆ మొత్తాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది: పర్మిట్ లేకపోవడం చిన్న లోపం కాదు, మూలంలోనే ఉల్లంఘన. ప్రీమియం టైముకు కట్టినా, ఫిట్‌నెస్ ఉన్నా, లైసెన్సు ఉన్నా లాభం లేదు. ప్రమాద నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ 20 లక్షలు ఇమ్మంటే ఆ 20 లక్షలు వడ్డీతో సహా తిరిగి ఓనరు మీదికే వస్తాయి. ఈఎంఐ మీద బండి కొన్న మనిషికి అప్పుడు మిగిలేది ఊళ్లో ఉన్న భూమి, అదీ కోర్టు అటాచ్‌మెంట్‌లో.

తెల్ల ప్లేటు కార్లు

సొంత కారులో సొంతవాళ్లతో పోతే పర్మిట్ గొడవ లేదు. ఇదే కారును 'తెలిసినోళ్లే కదా' అని శ్రీశైలానికో మంత్రాలయానికో కిరాయికి పెడితే అది పర్మిట్ లేని ట్యాక్సీ. డీజిల్ డబ్బులే తీసుకున్నాం అన్న మాట నిలబడదు. ప్రమాదం తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ నేరుగా ఆసుపత్రికి వస్తాడు. మంచం మీద ఉన్న ప్రయాణికుడిని మర్యాదగా అడుగుతాడు: 'బండికి ఎంత ఇచ్చిన్రు, ఎట్ల ఇచ్చిన్రు?' ఫోన్‌పేలో పంపినమని ఆయన నిజమే చెబుతాడు. ఆ స్క్రీన్‌షాట్ ఫైల్లో చేరిందంటే కారు రిపేరు క్లెయిమ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంకో సంగతి. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే కారులో కూర్చున్నవాళ్లకు అందులో కవరేజీ ఉండదు. థర్డ్ పార్టీ అంటే బయటివాళ్లు. లోపలున్న మీ పెద్దమ్మకు, బావమరిదికి కావాలంటే ప్యాకేజీ పాలసీ ఉండాలి. దూర ప్రయాణానికి ముందు పాలసీ మొదటి పేజీ మీద రకం చూడండి.

ట్రాలీ ఆటో, డీసీఎం, ట్రాక్టర్

మొత్తం బరువు మూడు టన్నులు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదన్న మాట నిజమే. ఆ మినహాయింపు సరుకుకు. మనుషులను ఎక్కించడానికి కాదు. మిర్చి ఏరడానికి కైకిలోళ్లను (కూలీలను) దామరచర్ల నుంచి పల్నాడుకు ట్రాలీలో నిలబెట్టి తీసుకుపోతే, జాతరకు డీసీఎంలో పట్టా కప్పి తీసుకుపోతే, వాళ్లకు ఇన్సూరెన్సు వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ట్రాక్టర్ పాలసీ వ్యవసాయ పనికి. ట్రాలీకి వేరే నంబరు, వేరే పాలసీ ఉండాలి, చాలా ఇళ్లలో ఇంజనుకు మాత్రమే కడతారు. ప్యాసింజర్ ఆటోను బ్రిడ్జి దాటించవద్దు. కారణాలు పైన చెప్పినవే.

పర్మిట్ మీద ప్రాంతం చదవండి. ఇది రెండోసారి చెబుతున్నాం, మూడోసారి కూడా చెబుతాం.

దారులు, దాటితే మారేవి

శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవిలోకి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. 8:55కు మన్ననూరు గేటు దాటుదామని హాజీపూర్ నుంచి తొక్కుకుంటూ వచ్చేవాళ్లే జింకలను, అడవి పందులను గుద్దుతారు. ఆలస్యమైతే అచ్చంపేటలో పడుకోండి. అవతల ఆంధ్రా వైపు దోర్నాల దారిలో కూడా రాత్రి గేట్లు వేస్తారు, కాబట్టి ఆ చుట్టు తిరిగితే కలిసొచ్చేది ఏమీ లేదు. డీజిల్ అచ్చంపేట వైపే నింపుకోండి. అడవిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎవరెవరు ఎక్కడ కలవాలో గేటు దగ్గరే మాట్లాడుకోండి. ఈగలపెంట దాటాక డ్యామ్ కిందికి దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో జారనిస్తే బ్రేకు వేడెక్కి, పెడల్ కిందిదాకా పోయినా బండి ఆగదు. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి అరగంట ఆగండి, చక్రం మీద నీళ్లు పోయకండి.

రాయచూరు వైపు దేవసూగూరు దగ్గరి కృష్ణా బ్రిడ్జి నిజాం కాలంది, దాని పేరు సిరాత్-ఎ-జూదీ. ఇరుకు. ఎదురుగా పెద్ద బండి వస్తుంటే బ్రిడ్జికి ఇవతలే ఆగడం మర్యాద. రిపేర్లకు 2024లో నెలల తరబడి మూసేశారు, బయల్దేరే ముందు మక్తల్‌లో కనుక్కోండి, మూసి ఉంటే గద్వాల మీదుగా పోవాలి. దాటగానే శక్తినగర్ థర్మల్ ప్లాంటు బూడిద ట్యాంకర్లు. వాటి వెనక దగ్గరగా పోవద్దు. అద్దం మీద బూడిద పడితే వైపర్ ఒట్టిగా తిప్పకుండా ముందు నీళ్లు కొట్టండి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు హైవే పంతంగి టోల్ దగ్గర నుంచే నిండిపోతుంది. గుంటూరు వైపు పోయేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర దిగి నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా పోవడం మేలు. 2024 సెప్టెంబర్ మొదట్లో పాలేరు వరదకు గరికపాడు బ్రిడ్జి దెబ్బతిన్నప్పుడు విజయవాడ బండ్లను మళ్లించింది కూడా ఇటే. ఒకటి గుర్తుంచుకోవాలి: ఫాస్టాగ్ వార్షిక పాసు జాతీయ రహదారుల టోళ్లకే. నార్కట్‌పల్లి, అద్దంకి రోడ్డు రాష్ట్ర రహదారి, మాడ్గులపల్లి టోల్‌లో పాసు పనిచేయదు, ఫాస్టాగ్‌లో విడిగా డబ్బులుండాలి. జాతీయ రహదారి మీద ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐలో ఒకటింపావు వంతు కట్టాలి.

ఇక వరసగా:

ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. మన ఆర్టీఏ ఎం-వాలెట్‌ను అవతల చూపించి వాదన పెట్టుకోవద్దు. అసలు కార్డులు జేబులో ఉండాలి.

ఆంధ్రాలో 2025 మార్చి నుంచి హెల్మెట్ లేకపోతే 1,000. వెనక కూర్చున్నవాళ్లకూ అంతే. సాగర్ దాటి మాచర్ల పోయే బైకులవాళ్లూ, రెండో హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడదీసి రాకండి.

సీసా ఒక్కటి కూడా దాటించవద్దు. ఎటు నుంచి ఎటైనా సరే. డిక్కీలో దొరికితే పోయేది సీసా కాదు, బండి.

కర్ణాటకలో డీజిల్ చవక. ట్యాంకు నింపుకోండి. క్యాన్లలో తేవద్దు.

వరి కోతల సమయంలో వడ్ల లారీలను వాడపల్లి, కోదాడ వైపు ఆపుతారు. ఎవరి పంట, ఎక్కడ కోసింది, ఎవరికి అమ్ముతున్నారు, కాగితం ఉండాలి.

పక్క రాష్ట్రంలో కాపురం పెట్టి 12 నెలలు దాటితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఎన్‌ఓసీ ఇక్కడే తీసుకోవాలి. 

రోడ్డు మీద పడి ఉన్న బైకు, కొమ్మ, టైరు ముక్క కనబడితే పక్కకు తప్పించి పోవడం కాదు. ముందుకు పోయి సురక్షితమైన చోట ఆపి హైవే హెల్ప్‌లైన్ 1033కి చెప్పండి. చిన్నటేకూరు దగ్గర బస్సు ఎక్కింది అలా పడి ఉన్న బైకు మీదికే.

నది దగ్గర మీ ఫోన్ అవతలి టవర్ పట్టుకోవచ్చు. 108కి, 112కి చేసినప్పుడు ముందు రాష్ట్రం పేరు, తర్వాత హైవే నంబరు, కిలోమీటరు రాయి. 'టోల్‌గేటు దగ్గర' అంటే వాళ్లకు ఏ టోల్‌గేటు?

తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య నడపొద్దు. పాలెం గానీ చిన్నటేకూరు గానీ తెల్లవారుజామునే జరిగాయి.

తిరిగి వచ్చేటప్పుడు కూడా పర్మిట్ ఉండాలి. తేదీ చూడండి. ప్రాంతం చూడండి. ఓనరు ఇంట్లో పడుకుని, డ్రైవర్‌ను పంపితే ఇద్దరూ చూడండి. మునిగేది ఓనరు ఆస్తి, జైలు భయం ఇద్దరికీ.

ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ జరిగిన చోట స్టేషన్లోనే. నష్టపరిహారం కేసు మాత్రం మీ సొంత జిల్లా ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు, కర్నూలుకో నరసరావుపేటకో తిరగనక్కర్లేదు. ఆరు నెలల్లో వేయాలి. జాబితాలో ఉన్న ఆసుపత్రిలో మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. అడ్వాన్స్ కట్టే ముందు ఆ పథకం ఉందా అని కౌంటర్లో అడగండి.

ఎవరు వచ్చి అడిగినా తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు.