చప్పుడు, నల్ల పొడి తక్కువుండే బ్రేక్ ప్యాడ్లు

హన్మకొండ ట్రాఫిక్‌లో అడుగడుగునా బ్రేక్ తొక్కే కారుకు చప్పుడు, పొడి తక్కువుండే సిరామిక్ ప్యాడ్లే మేలు. సెమీ మెటాలిక్‌లో లోహం పాలు ఎక్కువ. వేడిని బాగా తట్టుకుంటాయి గానీ కీచుమంటాయి, అల్లాయ్ వీల్స్‌ను నల్లగా చేస్తాయి. ఆర్గానిక్‌వి (పీచు, రెజిన్ కలిపి చేసేవి) మెత్తన, తొందరగా అరుగుతాయి. నిండా లోడుతో ఘాట్లు దిగే బండికైతే మాత్రం సెమీ మెటాలిక్కే ఉంచండి.

కొనేటప్పుడు ప్యాడ్ వెనక షిమ్ (పల్చటి రేకు), అంచుల్లో ఏటవాలు కోత ఉన్నాయా చూడండి. కీచుమనే వణుకును తగ్గించేవి అవే.

చాలాసార్లు తప్పు ప్యాడ్‌ది కాదు, బిగింపుది. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) అటూఇటూ జరిగే స్లైడ్ పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ దారుల్లో, పిన్ను రబ్బరు బూటు చినిగితే దుమ్ము చేరి పిన్ను పట్టేస్తుంది; అప్పుడు ఒకవైపు ప్యాడే అరిగిపోతుంది. రాపిడి ముఖానికి గ్రీజు అంటిందో, ఆ ప్యాడ్ ఇక వద్దు. పాత పొడిని గాలితో ఊదకండి, ఊపిరితిత్తులకు చేటు. బ్రేక్ క్లీనర్‌తో కడగండి. ఎడమ, కుడి జతగానే మార్చాలి.

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఆపై కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 15కు, ఆపకుండా, 8-10 సార్లు తగ్గించండి. మధ్యలో అర నిమిషం చల్లారనివ్వండి. ప్యాడ్ రాపిడి పొర మందం 3 మి.మీ.కు వస్తే మార్చేయడమే.