పేరు రాదు, నంబరే వస్తుంది: బటన్ ఫోన్ కాంటాక్ట్స్ తిప్పలు

పేర్లన్నీ పోయాయి

బటన్ ఫోన్లో పేర్లు కనపడకపోతే ముందు రీసెట్ జోలికి, అంటే ఫోన్‌లో దాచినవన్నీ తుడిచేసే ఆప్షన్ జోలికి, వెళ్లకండి. "పేర్లన్నీ పోనాయి బాబూ, ఏటైందో సూడు" అని ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో నా చేతికిచ్చే బటన్ ఫోన్లలో చాలావాటిలో పేర్లు ఎక్కడికీ పోవు, కనపడవంతే. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో 'మెమరీ ఇన్ యూజ్' అని ఉంటుంది, కొన్ని సెట్లలో దాన్నే 'స్టోరేజ్' అంటారు. అందులో ఫోన్, సిమ్, ఫోన్ అండ్ సిమ్ అని మూడు ఉంటాయి. పేర్లు సిమ్‌లో ఉండి, సెట్టింగ్ ఫోన్ మీద ఉంటే లిస్టు ఖాళీగా కనిపిస్తుంది. మూడోది పెట్టి చూడండి. ఇది చూడకుండానే షాపుకి పరిగెత్తి, అక్కడ ఎవరో రీసెట్ కొట్టేస్తే, అప్పటిదాకా భద్రంగా ఉన్న ఫోన్ మెమరీ అప్పుడు నిజంగా తుడిచిపెట్టుకుపోతుంది.

మా వైపు చాలామంది దగ్గర రెండు సిమ్‌లుంటాయి. ఒడిశా నంబరు ఒకటి, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే కాబట్టి ఆంధ్రా నంబరు ఒకటి. రీచార్జ్ అయిపోయిందని రెండో సిమ్ తీసి డబ్బాలో పడేస్తారు, లేదా మనవడి టచ్ ఫోన్లో వేస్తారు. ఆ సిమ్‌లో సేవ్ చేసిన పేర్లూ దాంతోపాటే పోతాయి. వేరే రిపేరు చూసే ముందు ఆ సిమ్ ఎక్కడుందో అడగండి.

సేవ్ చేసిన నంబరే, కానీ కాల్ వస్తే పేరు రాదు

అసలు తలనొప్పి ఇది. లిస్టులో పేరుంటుంది, దాని మీద నొక్కితే కాల్ వెళ్తుంది. అటునుంచి వస్తే మాత్రం పది అంకెలు తప్ప ఏమీ కనపడదు. చదువురాని అమ్మ తెలియని నంబరనుకుని ఎత్తదు, ఇచ్ఛాపురంలో ఉన్న కొడుక్కి టెన్షన్. సాఫ్ట్‌వేర్ పోయిందంటారు, నెట్‌వర్క్ బాగోలేదంటారు. రెండూ కాదు. ఒకే నంబరు రెండు చోట్ల ఉంది.

కాల్ వచ్చినప్పుడు ఈ ఫోన్లు నంబరు మొత్తాన్ని పోల్చవు. చాలా సెట్లు చివరి ఏడెనిమిది అంకెలే చూస్తాయి. ముందు సున్నా ఉన్నా, ప్లస్ తొంభై ఒకటి ఉన్నా పేరు దొరకాలని అలా పెట్టారు. ఆ అంకెలు రెండు పేర్ల కింద కనిపిస్తే ఏది చూపాలో తేల్చుకోలేక, చాలా పాత సెట్లు రెండూ వదిలేసి ఉత్త నంబరు చూపిస్తాయి.

సరిహద్దు ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఒకప్పుడు పక్క సర్కిల్ (ఫోన్ కంపెనీల లెక్కలో పక్క రాష్ట్రం) సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాల్సి వచ్చేది. అందుకని ఆంధ్రా చుట్టాలందరి నంబర్లూ సిమ్‌లో సున్నాతో ఎక్కాయి. తర్వాత కొత్త ఫోన్ కొన్నాక కొడుకు వచ్చి ప్లస్ తొంభై ఒకటితో మళ్లీ సేవ్ చేశాడు. ఒకచోట 'బావ ఇచ్ఛాపురం', ఇంకోచోట మనవడు పెట్టిన 'మామూ', మనిషి ఒకడే. 2021 జనవరి 15 నుంచి సున్నా తప్పనిసరి అన్న మాట విని ఇంకొందరు మూడోసారి సేవ్ చేశారు. ఆ రూలు ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేసేవాళ్లకి. సెల్ నుంచి సెల్‌కి సున్నా అక్కర్లేదు.

ఒకే నంబరు రెండు చోట్ల పడడానికి రెండో దారి 'కాపీ ఆల్'. సిమ్ నుంచి ఫోన్‌లోకి కాపీ చేస్తే సిమ్‌లోవి అక్కడే ఉంటాయి. అంటే ప్రతి పేరూ రెండుసార్లు. పేరు కూడా ఒకటే అయితే కొన్ని మోడళ్లు చూపిస్తాయి, కొన్ని అప్పుడూ చూపించవు.

తేల్చుకోవడం తేలికే. మెమరీ ఇన్ యూజ్‌ని 'ఫోన్' మీద పెట్టి అవతలి వాళ్లని ఒక మిస్డ్ కాల్ ఇమ్మనండి. తర్వాత 'సిమ్' మీద పెట్టి ఇంకోటి. విడివిడిగా పేరు వచ్చి, 'ఫోన్ అండ్ సిమ్'లో రాకపోతే జబ్బు ఇదే. విడిగా పెట్టినా రాకపోతే ఆ ఒక్క మెమరీలోనే రెండు పేర్లుండొచ్చు. 'అమ్మ', 'అమ్మ న్యూ' లాంటివి వెతకండి. పేరుకి ముందు పొరపాటున ఖాళీ పడితే అది లిస్టు మొదట్లోకి వెళ్లి దాక్కుంటుంది, అక్కడా చూడండి.

బాగుచేయడానికి ఒక్కొక్కటే తుడవండి, 'డిలీట్ ఆల్' వద్దు. ఉంచేదాన్ని ప్లస్ తొంభై ఒకటితో ఉంచండి, ఏ రాష్ట్రం నుంచి చేసినా వెళ్తుంది. పాత నోకియా సెట్లలో స్టార్ రెండుసార్లు నొక్కితే ప్లస్ వస్తుంది, మిగతా చాలావాటిలో సున్నా నొక్కి పట్టుకోవాలి. అంత ఓపిక లేకపోతే నేను చేసే పని చెప్తాను: కావాల్సినవన్నీ ఫోన్‌లో ఉన్నాయో లేదో చూసుకుని, సెట్టింగ్‌ని 'ఫోన్' మీద పెట్టి వదిలేస్తాను. సిమ్‌లోవి తుడవను. సెట్టు నీళ్లలో పడిన రోజున అవే పనికొస్తాయి.

మెమరీ ఫుల్

సిమ్ సాధారణంగా 250 దాకా పడుతుంది. కంపెనీ సర్వీస్ నంబర్లు కొన్ని ముందే ఉంటాయి, సిమ్ ఒప్పుకుంటే వాటిని తీసేయండి. కొత్తవి ఫోన్‌లోకి వెళ్లేలా సెట్టింగ్ మార్చండి.

సిమ్‌లోకి వేస్తే పేరు సగమే

సిమ్‌లో పేరుకి చోటు తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు పద్నాలుగు, పదిహేను పడితే తెలుగు, ఒడియా అక్షరాలు అందులో సగమే పడతాయి. ఒక పేరు కింద రెండు నంబర్లుంటే మామూలు సిమ్‌లో అవి విడిపోయి రెండు పేర్లవుతాయి. పొట్టి పేరు పెట్టుకోండి.

పేరు బదులు గళ్లు

ఆ ఫోన్లో ఆ లిపి లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో మార్చి రాయడమే.

కొత్త సిమ్ వేశాక

పాత సిమ్ షాపువాడి చేతిలో పెట్టకముందే అందులోవి ఫోన్‌లోకి కాపీ చేసుకోవాలి. నంబరు అదే వచ్చినా పేర్లు రావు. పాత సిమ్ ఇంట్లోనే ఉంటే ఇంకా ఆశ ఉంది: సిగ్నల్ రాకపోయినా ఏదో ఒక ఫోన్లో వేస్తే చాలాసార్లు పేర్లు కనిపిస్తాయి, అక్కణ్నుంచి కాపీ చేసుకోవచ్చు. పిన్ అడిగితే ఊహించి కొట్టొద్దు, మూడుసార్లు తప్పితే లాక్ పడుతుంది.